మాల తీసిన మర్నాటి సంగతి: మందు మానేవాళ్ల మీటింగులు ఎక్కడ, ఎలా

కార్తీకం వచ్చిందంటే మన ఊళ్లలో ఏటా ఓ వింత కనబడుతుంది. మిగతా రోజుల్లో సాయంత్రం ఏడు దాటితే కాళ్ల మీద నిలబడలేని మనిషి, అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, చెప్పులు లేని నడక. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. శబరిమల వెళ్లొస్తాడు, మాల తీస్తాడు. కొందరు ఆ రాత్రే, కొందరు ఓ వారానికి మళ్లీ మొదలెడతారు. "చూశారా, అనుకుంటే మానగలడు. కావాలనే తాగుతున్నాడు" అని చుట్టాలు తీర్పు చెప్పేస్తారు.

మా బాబాయి విషయంలో నేనూ ఆ తీర్పే చాలా ఏళ్లు నమ్మాను. ఆయన ఆరుసార్లు మాల వేశాడు. ఆరుసార్లూ ఒక్క రోజు తప్పకుండా దీక్ష పూర్తి చేశాడు. ఆరుసార్లూ సంక్రాంతి దాటేసరికి మామూలే. మానడం ఆయనకు చాతకాక కాదు, మానేసి ఉండటం చాతకాలేదు. ఈ రెండూ వేరని నాకు తెలియడానికి ఇంకొంత కాలం పట్టింది.

ఆ 41 రోజుల్లో ఆయన్ని నిలబెట్టింది భక్తే. కానీ ఆ భక్తికి ఒక ఏర్పాటు తోడుండేది. పొద్దు గుంకేసరికి వెళ్లడానికి సన్నిధానం ఉండేది. అక్కడ తనలాంటివాళ్లు పదిమంది. కులం, జీతం అడక్కుండా అందరికీ ఒకటే పిలుపు, "స్వామీ" అని. పద్దెనిమిదిసార్లు కొండకి వెళ్లొచ్చిన గురుస్వామి ఒకాయన, ఏ సందేహం వచ్చినా చెప్పడానికి. ఇరుముడి దించి మాల తీయగానే ఈ ఏర్పాటంతా ఒక్క రోజులో మాయమైపోతుంది. సాయంత్రం ఏడు మాత్రం రోజూ అవుతూనే ఉంటుంది.

మందు మానేవాళ్ల సపోర్ట్ గ్రూపు అంటే, నా లెక్కలో, మాల తీసే రోజు లేని సన్నిధానం. వీటిలో అన్నిటికన్నా పాతది, ఎక్కువ చోట్ల ఉన్నది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు. మన దేశంలో 1957 నుంచీ ఉంది. అయినా మన ఇళ్లలో దాని పేరు విన్నవాళ్లు తక్కువ, విన్నవాళ్లలో అదేదో ఆసుపత్రి అనుకునేవాళ్లు ఎక్కువ.

అసలు చిక్కంతా ఇక్కడే. తాగుడు మాన్పించాలనుకునే కుటుంబం ముందు నాలుగు దారులు కలగాపులగంగా కనబడతాయి. ఒకటి ఆసుపత్రి: ఒంట్లోంచి మందు దిగేటప్పుడు వచ్చే ప్రమాదాన్ని చూసుకునేది. రెండోది డీ-అడిక్షన్ సెంటర్: కొన్ని వారాలో నెలలో అక్కడే ఉంచుకుని కౌన్సెలింగ్ ఇచ్చేది. మూడోది మీటింగ్: డాక్టరూ ఉండడు, మంచమూ ఉండదు, ఫీజూ ఉండదు, గంటో గంటన్నరో కూర్చుని ఇంటికి వచ్చేయడమే. నాలుగోది బస్టాండు గోడల మీద రాసి ఉంటుంది, "తాగుడు మాన్పించబడును, వారికి తెలియకుండానే" అని.

ఆ నాలుగోదాని సంగతి ముందే తేల్చేస్తాను. కూరలోనో మజ్జిగలోనో కలిపి పెట్టమని ఇచ్చే ఆ పొడుల్లో ఏముందో ఇచ్చేవాడికే తెలియాలి. అందులో డైసల్ఫిరామ్ లాంటి మందు ఉండి, సంగతి తెలియని మనిషి దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డైసల్ఫిరామ్ చెడ్డ మందేం కాదు, డాక్టర్లు రాస్తారు. కానీ వేసుకునే మనిషికి చెప్పి, ఒప్పించి, గుండె, కాలేయం చూశాకే రాస్తారు.

ఇక ఆసుపత్రికీ మీటింగుకీ తేడా తెలియకపోతే ప్రాణాలే పోవచ్చు. రోజూ, అందులోనూ పొద్దున్నే తాగితే తప్ప చేతుల వణుకు ఆగని మనిషి ఉన్నపళంగా మానేస్తే, చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని పురుగులు కనబడతాయి, ఎవరో పిలిచినట్టు వినబడుతుంది, ఒళ్లు కాలిపోతుంది, చెమటలు పట్టేస్తాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మాల వేసిన మూడో రోజు "స్వామి పూనాడు" అని కొబ్బరికాయ కొట్టిన సందర్భం ఒకటి నాకు తెలుసు. పూనింది ఇదే. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజ్ ఎక్కించి ఊరుకోవడమూ సరికాదు. ఏళ్ల తరబడి తాగినవాళ్లలో విటమిన్ బీ1 అడుగంటి ఉంటుంది, గ్లూకోజుకి ముందో వెంటనో అది పడకపోతే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం వరస కట్టింది ఈ లక్షణాలతోనే. కాబట్టి వణుకు ఉన్న మనిషికి మొదట ఆసుపత్రి, ఆ తర్వాతే మీటింగ్. జిల్లా ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్తే చాలు, కార్పొరేట్ గదే అక్కర్లేదు.

ఆసుపత్రిలో వారం పది రోజులకి ఒళ్లు తేరుకుంటుంది. బాబాయి కూడా తేరుకున్నాడు. డిశ్చార్జ్ రోజు డాక్టరుగారు చీటీ మీద మందులు రాసి, వెనక ఒక ఫోన్ నంబరు వేసి, "ఇది మాత్రలకన్నా ముఖ్యం" అన్నారు. ఆ చీటీ మూడు వారాలు ఫ్రిజ్ మీదే ఉంది. మాత్రలు మాత్రం టైముకి వేశాం.

ఫోన్ చేయడం ఎందుకంత కష్టమంటారా? ఏఏ పుట్టిందే ఒక ఫోన్ కాల్‌తో. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకరు వ్యాపారం పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ ఊరికి వెళ్లాడు. వెళ్లిన పని చెడింది. మందు మాని అప్పటికి ఐదు నెలలు. హోటల్ లాబీలో ఒక పక్క బార్ సందడి, ఇంకో పక్క టెలిఫోన్. ఆయన చర్చిల జాబితా చూసి వరసగా ఫోన్లు తిప్పాడు, తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి, కలపండి అని. చివరికి దొరికినవాడు బాబ్ స్మిత్ అనే సర్జను. పావుగంటే కూర్చుంటానని వచ్చిన ఆ డాక్టరు రాత్రి పదకొండు దాకా కదల్లేదు. ఆయన చివరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కేస్తారు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. విల్సన్ ఫోన్ చేసింది ఎవరినో ఉద్ధరించడానికి కాదు, ఆ సాయంత్రం తాను తాగకుండా ఉండటానికి. మీరు ఏఏ నంబరుకి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి లెక్క కూడా అదే. ఆయన మీకు మేలు చేస్తున్నాననుకోడు, మీ ఫోన్ వల్ల తన రోజు గడిచిందనుకుంటాడు. మొహమాటపడాల్సిన పని లేదు.

మరి నంబరు ఎక్కడ దొరుకుతుంది? గూగుల్లో "మందు మానడం, హైదరాబాద్" అని కొడితే ముందు వచ్చేవి చాలావరకు ప్రైవేటు సెంటర్ల ప్రకటనలు. ఫోన్ ఎత్తగానే "పేషెంటుని ఎప్పుడు పంపుతారు, బండి పంపమంటారా" అని అడిగితే అది మీటింగ్ కాదని అర్థం. మీటింగు వాళ్లు అడ్మిషన్ అనరు, ప్యాకేజీ అనరు, "తాగేది మీరేనా, ఇంట్లోవాళ్లా?" అని అడుగుతారు. ఏఏ ఇండియా వెబ్‌సైటులో ఊళ్లవారీగా వివరాలుంటాయి. కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి చేస్తే దగ్గర్లోని ప్రభుత్వ, స్వచ్ఛంద కేంద్రాలు చెబుతారు, అక్కడి కౌన్సెలర్లకి స్థానిక గ్రూపులు తెలిసే అవకాశం ఎక్కువ. రాత్రిపూట మనసు బాగా చెదిరితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇవేవీ కాకపోతే ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ విభాగంలో సోషల్ వర్కర్‌ని అడగండి. చాలా చోట్ల మెరుగైన దారి అదే.

నంబరు దొరికాక, వెళ్లే ముందు నాలుగు విషయాలు కనుక్కోవాలి. భాష ఏమిటి? పెద్ద నగరాల్లో ఇంగ్లీషు మీటింగ్, తెలుగు మీటింగ్, హిందీ మీటింగ్ విడివిడిగా జరగొచ్చు. తెలుగులో ఏడవగలిగే మనిషిని ఇంగ్లీషు గదిలో కూర్చోబెడితే అతను ఊరికే తలూపి వచ్చేస్తాడు. ఓపెనా, క్లోజ్డా? ఓపెన్ మీటింగుకి భార్య, తమ్ముడు, విద్యార్థి ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఈ వారం అక్కడే జరుగుతోందా? అద్దె చోట్లు కాబట్టి మారుతుంటాయి, లిస్టులో పాత అడ్రసే ఉండిపోతుంది. మేం మొదటిసారి వెళ్లిన చోట గేటుకి తాళం వేసుంది, వాచ్‌మన్ "వాళ్లు మారిపోయి ఆర్నెల్లయింది సార్" అన్నాడు. బాబాయి ముఖంలో ఆ క్షణం కనబడిన సంతోషం నేను మర్చిపోలేను. వెనక్కి తిరగడానికి దేవుడే సాకు ఇచ్చాడన్నట్టు. అందుకే నాలుగోది: గేటు దగ్గర ఎవరైనా ఎదురొస్తారా? అడిగితే వస్తారు. గేటు నుంచి గది దాకా ఉన్న ఆ ఇరవై అడుగులే కష్టం.

రెండోసారి అడ్రసు కుదిరింది. ఒక చర్చి వెనక బడి గది. పిల్లల బెంచీలు పక్కకి జరిపి ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. బల్ల మీద కొన్ని పుస్తకాలు, చిన్న గంట, పేపర్ కప్పుల్లో టీ. పద్నాలుగు మంది. ఆటో డ్రైవరు, బ్యాంకులో చేసి రిటైరైన పెద్దాయన, తెల్లచొక్కా ఇస్త్రీ నలగని ఒక కుర్రాడు, పనిచేసి వచ్చిన సిమెంటు ఇంకా చేతుల మీదే ఉన్న మేస్త్రి. ఒకాయన నడిపించాడు, ఆ నెలకి ఆయన వంతట. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అన్నాడు. అందరూ ఒకేసారి "నమస్తే" అంటూ ఆయన పేరు పలికారు. తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడారు. దీన్ని షేరింగ్ అంటారు.

నన్ను ఆశ్చర్యపరిచింది వాళ్లు చెప్పింది కాదు, విన్న తీరు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు, తర్వాతా జవాబివ్వకూడదు, సలహా అసలే ఇవ్వకూడదు. మన తెలుగువాళ్లం నలుగురం ఒకచోట కూర్చుని గంటసేపు ఎవరికీ సలహా ఇవ్వకుండా ఉండటం నేను అంతవరకు చూడలేదు. మేస్త్రి చెప్పాడు: కూతురి పుట్టినరోజుకి కేకు తెస్తానని బయల్దేరి, మధ్యలో ఆగి, తెల్లారి ఖాళీ చేతులతో ఇల్లు చేరాడట. ఎవరూ "అయ్యో" అనలేదు, "తప్పు కదా" అనలేదు. ఇద్దరు ముగ్గురు తలూపారు, అంతే. బాబాయి ఆ తలూపులకేసి చూస్తుండిపోయాడు. ఆయన వంతు వచ్చినప్పుడు "ఇవాళ వింటాను" అన్నాడు. అలా అనొచ్చు. మొదటిసారి నోరు విప్పాల్సిన పని లేదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు, సంతకం అక్కర్లేదు.

చివర్లో ఒక గుడ్డసంచి చేతులు మారింది. ఎవరికి తోచింది వాళ్లు వేశారు. నేను ఐదొందల నోటు తీస్తే పక్కాయన నా చెయ్యి ఆపాడు, "మీరు వేయకూడదండీ" అని. గ్రూపులు ఎలా నడవాలో చెప్పే నియమాలు ఏఏకి పన్నెండున్నాయి, వాటిని సంప్రదాయాలంటారు; బయటివాళ్ల డబ్బు తీసుకోకూడదన్నది అందులో ఏడోది. అద్దె, టీ, పుస్తకాలు అన్నీ సభ్యుల చిల్లరతోనే. విరాళాలిస్తామని వెంటపడినా వద్దనే సంస్థలు మన దగ్గర ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి.

చర్చి అన్నాను కదా, అక్కడే చాలా ఇళ్లలో గుండె ఝల్లుమంటుంది. మా పిన్ని మొదట అడిగింది కూడా అదే: "మతం మార్చేస్తారేమోరా?" చర్చిలకి, బళ్లకి సాయంత్రం ఖాళీ గదులుంటాయి, అద్దె తక్కువ, అంతకుమించి సంబంధం లేదు. ఏ మతంతోనూ, పార్టీతోనూ, సంస్థతోనూ కలవకూడదని వాళ్ల నియమమే ఉంది. అయితే దేవుడి మాట అస్సలు రాదని చెబితే అబద్ధమవుతుంది. మానేసి ఉండటానికి ఏఏ సభ్యులు ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన పదేపదే వస్తుంది, "మనం అర్థం చేసుకున్న విధంగా" అనే మాటతో. ఒకరికి అది వెంకన్న, ఇంకొకరికి అల్లా, మరొకరికి ఆ గదిలో కూర్చున్న పద్నాలుగు మందీ. నాస్తికులు కొందరు ఇలా సర్దుకుంటారు, కొందరికి ఎంతకీ మింగుడుపడదు. అలాంటివాళ్లకి స్మార్ట్ రికవరీ అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో దేవుడు లేడు, మెట్లు లేవు, ఆలోచనల్ని పట్టుకుని మార్చుకునే కసరత్తులు ఉంటాయి. ఆన్‌లైన్లో, ఎక్కువగా ఇంగ్లీషులో దొరుకుతుంది.

పరువు సంగతి ఇంకో అడ్డు. "మీటింగుకి పోతే ఊళ్లో తెలిసిపోతుంది" అంటారు. రోడ్డు పక్కన పడి ఉన్నప్పుడు ఊరంతా చూసిన మనిషే ఈ మాట అంటాడు, అదే తమాషా. అయినా ఆ భయం ఉత్తది కాదు. చిన్న ఊళ్లో ఆ గదిలో మీ పిల్లల హెడ్మాస్టరే ఉండొచ్చు. ఉంటే ఆయనకీ అదే భయం ఉంటుంది. విన్నది, చూసింది గదిలోనే వదిలేయాలన్న నియమం నిలబడేది ఇద్దరి గుట్టూ ఇద్దరి చేతుల్లో ఉండటం వల్లే. మరీ ఇబ్బందైతే పక్క పట్నం మీటింగుకి బస్సెక్కి వెళ్లేవాళ్లున్నారు. కరోనా తర్వాత ఆన్‌లైన్ మీటింగులు పెరిగాయి, కెమెరా ఆపేసి వినొచ్చు. ఆడవాళ్లకి ఇది పెద్ద ఆసరా. తాగే మగాడికి దొరికే జాలిలో పదోవంతు కూడా తాగే ఆడమనిషికి మన సమాజం ఇవ్వదు. పదిమంది మగవాళ్ల మధ్యకి ఒంటరిగా వెళ్లమనడం అన్యాయం. మహిళల మీటింగులు ఉన్నాయా అని ఫోన్లోనే అడగాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో కొందరికి ఈ గదులు వేరే దారిలో పరిచయమవుతాయి. తాగి బండి నడిపి పట్టుబడితే కొన్ని కోర్టులు ఇన్ని మీటింగులకి వెళ్లిరమ్మంటాయి, కాగితం మీద సంతకం పెట్టించుకు రావాలి. ఏఏ హాజరు పట్టీ పెట్టదు, సంతకం పెట్టాలా వద్దా అన్నది ఆ గ్రూపు ఇష్టం. సంతకం కోసం వెళ్లి ఉండిపోయినవాళ్లూ ఉన్నారు.

ఇదంతా పనిచేస్తుందా? వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలు, 10,565 మంది వివరాలు కలిపి చూసింది. ఏఏకి దారి చూపే పద్ధతి ప్రకారం నడిపిన కార్యక్రమాల్లో ఏడాదికి పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు దాదాపు 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. అంటే మిగతావాటికన్నా మెరుగే, కానీ సగం మందికి పైగా ఏడాదిలోపు జారారు కూడా. ఇందులో ఇంకో కిటుకుంది: ఇది ఊరికే "మీటింగుకి వెళ్లు" అని వదిలేసినవాళ్ల లెక్క కాదు, డాక్టరో కౌన్సెలరో పట్టుబట్టి జత చేసినవాళ్ల లెక్క. ఫ్రిజ్ మీద చీటీ ఏ లెక్కలోకీ రాదు. అసలు మన దేశంలో ఆ చీటీ దాకా వచ్చేవాళ్లే అరుదు. 2019లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది.

దుకాణం మూయిస్తే పోదా అనేవాళ్లుంటారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధమే వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ తల్లుల మీద గౌరవంతోనే అంటున్నాను, దుకాణం మూస్తే సీసా దూరమవుతుంది గానీ, సాయంత్రం ఏడింటికి ఆ మనిషి ఎక్కడికి పోవాలన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

బాబాయి నాలుగో నెలలో జారాడు. పెళ్లిలో. మర్నాడు మీటింగుకి వెళ్లనన్నాడు, ఏ ముఖం పెట్టుకుని పోనురా అని. ఆటో డ్రైవరు ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఆయనే బాబాయికి స్పాన్సర్, అంటే గురుస్వామి లాంటివాడు, తొమ్మిదేళ్లుగా మానేసినవాడు. ఏమీ బోధించలేదు. "నేను మూడుసార్లు జారానండీ" అని, టీ తాగి, ఆటోలో ఎక్కించుకుపోయాడు. పిన్ని కూడా తన దారి చూసుకుంది. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం ఆల్-అనాన్ అని విడిగా ఉంది, బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మొదలుపెట్టింది. సీసాలు వెతకడం, జేబులు తడమడం, ఆఫీసుకి ఫోన్ చేసి "ఒంట్లో బాలేదు" అని అబద్ధం చెప్పడం, ఇవి ఎలా మానాలో అక్కడ నేర్చుకుంటారు. పిన్నికి బాబాయి కన్నా ఎక్కువ కాలం పట్టింది.

మీ ఊళ్లో గ్రూపే లేదా? ఇద్దరు ముగ్గురు తాగుడు మానేద్దామని ఒకచోట చేరితే చాలు, ఇంకే సంస్థతోనూ ముడిపడనంత కాలం దాన్ని ఏఏ గ్రూపు అనుకోవచ్చని వాళ్ల సంప్రదాయమే చెబుతుంది. గది, గంట తర్వాత వస్తాయి.

పోయిన కార్తీకంలో బాబాయి ఏడోసారి మాల వేశాడు. నల్లబట్టల్లోనే మీటింగుకి వెళ్లాడట. వంతు వచ్చి పేరు చెప్పబోతే ఎవరో "చెప్పండి స్వామీ" అన్నారు, గదంతా నవ్వులు. శబరిమలకి టికెట్లు తీయగానే ఆయన మొదట చేసిన పని, క్యాలెండరులో మాల తీసే తేదీ వెతికి, ఆ సాయంత్రం మీటింగులో టీ పెట్టే డ్యూటీ తన పేరున రాయించుకోవడం.